ఛార్జ్ ఇచ్చి లేవండి

మా తెలుగువాళ్ళ సంఘం హాలు వెనక గదిలో ఎనిమిది కంప్యూటర్లున్నాయి. కంప్యూటర్లు అనడం కొంచెం గొప్పకు పోవడమే. అరచేతికన్నా కాస్త పెద్ద పెట్టె, దానికో తెర, ఒక కీబోర్డు, ఒక మౌసు. ఆ పెట్టెలో సొంత బుర్ర దాదాపు ఉండదు. గది మూలన ఉన్న పెద్ద మిషనొకటి అందరి తరఫునా ఆలోచిస్తుంది, ఈ చిన్నవి దాని మాట విని తెరమీద చూపిస్తాయి. వీటిని థిన్ క్లయింట్లంటారు. నేను కంప్యూటర్ టీచరుగా ఉన్న స్కూలు కొత్తవి కొనుక్కుని వీటిని పాతసామాన్ల గదిలో పడేస్తే, ప్రిన్సిపాల్‌ని అడిగి, ఆటోలో రెండు ట్రిప్పులు వేసి తెచ్చుకున్నాను. పది తెస్తే ఎనిమిది బతికాయి.

బిలాస్‌పూర్‌లో మాకు తాతల కాలం నుంచీ రైల్వేనే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇంజన్ల షెడ్‌లోనూ యార్డ్‌లోనూ చేరినవాళ్ళ మనవలం మేము. హాలుకు వచ్చేవాళ్ళలో సగానికి పైగా రిటైరైనవాళ్ళు. పెన్షన్ స్లిప్పు చూసుకోవాలన్నా, బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్టు పంపాలన్నా సదర్ బజార్‌లో ఏదో ఒక దుకాణం ముందు నిలబడేవాళ్ళు. ఇకమీదట అదంతా మన గదిలోనే చేసుకుందామన్నాను. సంఘం పెద్దలు సరేనన్నారు. సరేననడానికి వాళ్ళెప్పుడూ వెనకాడరు, పని దగ్గరే చూడాలి.

పెద్దల పేరు చెప్పాను గానీ, నేనా గదికోసం అంత తొందరపడింది ఒక్క అమ్మాయి కోసం.

ఊళ్ళోనే తోర్వా వైపు ఉంటుంది. ముప్ఫై దాటలేదు. భర్త సర్వీసులో ఉండగానే జబ్బుచేసి పోతే, ఆయన బదులు ఆమెకు ఆఫీసులో క్లర్కు ఉద్యోగం ఇచ్చారు. దానికో షరతుంది. ఇంగ్లీషు టైపింగ్ పరీక్ష పాసవాలి, నిమిషానికి ముప్ఫై మాటల చొప్పున పది నిమిషాలు ఆగకుండా కొట్టాలి. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే క్లర్కు కుర్చీ పోతుంది, షెడ్‌లో బరువులు మోసే ఖలాసీగా వెళ్ళాలి.

"ఖలాసీ పనంటే నాకు నామోషీ కాదక్కా," అంది మొదటిరోజు నా దగ్గరకొచ్చి. "షిఫ్టు డ్యూటీలు పడతాయి. మా అత్తకి కళ్ళు ఆనవు. నాను రాత్రి డ్యూటీకి ఎల్తే నా సిన్న గుంటని ఎవులు సూస్తారు?"

"ఆఫీసులో కంప్యూటరుంది కదా, అక్కడ ప్రాక్టీసు చెయ్యలేవా?"

"ఉందక్కా. ఫైళ్ళు మోసీసరికే నా పొద్దు అయిపోద్ది."

పరీక్షకు రెండు నెలలుంది. ఆఫీసు వదిలాక ఆరింటికి వచ్చి గంటసేపు కూర్చోమన్నాను. టైపింగ్ నేర్పే ప్రోగ్రాం ఒకటి పెట్టాను. అది మంచి గుమాస్తా. నిన్న ఎక్కడ ఆపామో, ఏ వేలు మందంగా కదులుతోందో, ఏ అక్షరం దగ్గర పదేపదే తప్పుతున్నామో అన్నీ గుర్తుపెట్టుకుని, ఇవాళ ఆ తప్పుకు తగిన పాఠమే ముందు పెడుతుంది. అయితే ఎవరి పేరుతో లోపలికి వెళ్తే వాళ్ళ లెక్కలోనే రాసుకుంటుంది.

లోపలికి వెళ్ళడమంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. మిషను వెలగగానే పేరూ పాస్‌వర్డూ అడిగే తెర వస్తుందే, దాన్ని నడిపే ప్రోగ్రాంను లాగిన్ మేనేజరంటారు. అది హాస్టల్ వార్డెన్ లాంటిది. వచ్చిందెవరో చూసి, వాళ్ళ గది తెరిచి, వాళ్ళు వెళ్ళాక తలుపు వేస్తుంది. మన కాగితాలు, మన పాఠాలు మన గదిలో ఉంటాయి. నేను నలభై మందికి నలభై గదులు కట్టాను. ఒక్కొక్కరి పేరూ పాస్‌వర్డూ అట్టముక్క మీద రాసిచ్చాను. లోపలికి వెళ్ళడం ఎలాగో, పనయ్యాక లాగౌట్ నొక్కి బయటికి రావడం ఎలాగో రెండు ఆదివారాలు క్లాసు చెప్పాను. అందరూ తలలూపారు. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, మిషన్లు ఎలా నడుస్తున్నాయో చూద్దామని అందరి లెక్కలూ తిరగేస్తున్నాను. మా క్యాబిన్ మావయ్య లెక్కలో టైపింగ్ పాఠాలు కనిపించాయి. ఆయన ముప్ఫై ఏళ్ళు యార్డ్ క్యాబిన్‌లో సిగ్నల్ లీవర్లు లాగిన మనిషి. డెబ్బై దాటాయి. నిమిషానికి పద్దెనిమిది మాటలు కొడుతున్నాడని ఉంది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"మావయ్యా, శభాష్! ఈ వయసులో టైపింగ్ నేర్చుకుంటున్నారా? చెప్పనేలేదే!" అన్నాను, పక్కనున్న నలుగురికీ వినబడేలా.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నాకేటి టైపింగమ్మా? ప్రవచనం సూసుకుని భోజనానికి ఎల్లిపోతాను. నీకు ఒంట్లో బాగుందా?"

అప్పుడు మిగతా లెక్కలు కూడా తీశాను. మరో నలుగురు పెద్దమనుషులు కూడా టైపింగ్ నేర్చుకుంటున్నారట. నలుగురూ మొదటి పాఠం దగ్గరే ఉన్నారు. ఆ అమ్మాయి పేరు మీద కట్టిన గది మాత్రం మూడు వారాల్లో ఒక్కసారి కూడా తెరవలేదు.

సాయంత్రం ఆరింటికి ఆమె రాగానే పట్టుకున్నాను. "నీ పేరుతో ఎందుకు వెళ్ళడం లేదు? అట్టముక్క పారేశావా?"

"లేదక్కా, పర్సులో ఉంది. కానీ అక్కడ మావయ్యగారు ఉన్నారు కదా."

"ఎక్కడున్నారు? కుర్చీ ఖాళీగా ఉంది."

"కుర్చీలో కాదక్కా, తెరమీద. ఆయన పేరు అలగే ఉంది కదా. పెద్దాయన్ని తీసీసి నాను ఎలగ కూకుంటాను?"

అందుకని మూడు వారాలపాటు ఏ కుర్చీ ఖాళీగా దొరికితే అందులో, ఎవరి పేరు వెలుగుతుంటే వాళ్ళ గదిలో, పక్కింటి వసారాలో కూర్చున్నట్టు ఒదిగి కూర్చుని ప్రాక్టీసు చేసుకుంది. మావయ్య మిషను దొరికిన రోజున పాఠం ముందుకు నడిచేది. ఇంకో మిషను దొరికిన రోజున మళ్ళీ మొదటికే వచ్చేది. ఇన్నాళ్ళూ నాకు చెప్పనందుకు ఆమె మీద, చూడనందుకు నా మీద చెడ్డ కోపం వచ్చింది. ఆమెను కోప్పడ్డాను. నన్ను నేను ఇంటికెళ్ళాక తిట్టుకున్నాను.

ఇంతకీ ఎవరూ లాగౌట్ ఎందుకు చెయ్యడం లేదు? నా క్లాసు అంత దండగా? మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి, గదిలో ఓ మూల కూర్చుని చూశాను. మావయ్య ప్రవచనం అయిపోయింది. లేవలేదు. ఊరికే తెరవంక చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఇంకొక రిటైరైన ఆయన లోపలికి వచ్చాక అప్పుడు లేచి, "అంతా కరెక్టుగా ఉంది, ఛార్జ్ నీది," అన్నాడు. వచ్చినాయన "తీసుకున్నాను" అని ఆ వెచ్చటి కుర్చీలోనే, ఆ తెర ముందే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ప్రతి కుర్చీ దగ్గరా ఇదే తంతు. తమ తర్వాత ఎవరూ రానివాళ్ళు పక్క కుర్చీవాళ్ళకు ఛార్జ్ అప్పగించి, తెర అలాగే వెలుగుతుండగా వెళ్ళారు. ఒక్కరు కూడా లాగౌట్ జోలికి పోలేదు.

"లాగౌట్ నొక్కి వెళ్ళిపోవచ్చు కదా మావయ్యా?" అన్నాను.

"రిలీవర్ రాకుండా సీటు ఒగ్గీసి ఎల్తే ఏటవుద్దో నీకు తెల్సా? ఛార్జిషీటు."

"ఇది క్యాబిన్ కాదు మావయ్యా!"

"ఏదైతే ఏటి? నడుస్తున్న మిషను. ఆపీసి ఎల్లిపోతారేటి ఎవులైనా?"

ఆయన మాటలో నాకు తప్పు దొరకలేదు. అదే నాకు ఇంకా చిరాకు.

అయినా నాకు తెలిసిన తెలివి నేను చూపించాలి కదా. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే మిషను తనంతట తానే బయటికి పంపేసేలా లాగిన్ మేనేజరుకు ఒక లైను రాశాను. రెండోరోజే గొడవ. ఒక పెద్దాయన ఆస్పత్రి ఫారం సగం నింపి, కుర్చీ మీద చేతిరుమాలు వేసి టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఫారం లేదు, ఆయన పేరూ లేదు. ఆదివారం మీటింగులో నన్ను నిలబెట్టారు. పాస్‌వర్డులొద్దు, పేర్లొద్దు, తెర వెలగగానే అందరికీ ఒకటే గది తెరుచుకునేలా చేసెయ్యమన్నారు. మనలో మనకు తాళాలెందుకమ్మా అని ఒకాయన ప్రేమగానే అన్నాడు.

అలా చెయ్యడం చాలా సులువు. ఫైలులో ఒకే ఒక్క లైను. కానీ నలభై మంది ఒకే గదిలో పడితే ఆ పిల్ల పాఠం ఎవరి వేళ్ళ తప్పులతో కలిసిపోతుందో! చెయ్యనన్నాను. కావాలంటే మిషన్లన్నీ ఆటోలో తిరిగి తీసుకుపోతానని కూడా అన్నాను. తిరిగి ఎక్కడికి తీసుకుపోతానో నాకే తెలియదు. నేను రాసిన లైను తీయించి, వేరే దారి చూడడానికి రెండు వారాలు గడువిచ్చారు.

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు," అన్నాడు మా ఆయన. "ఎందుకే అంత పంతం?"

ఎందుకో నాకు తెలుసు. మా నాన్న కూడా సర్వీసులో ఉండగానే పోయారు. అప్పటికి నేను ఇంటర్ పాసయి ఉన్నాను, తమ్ముడు పదో తరగతి రెండుసార్లు తప్పి ఉన్నాడు. ఉద్యోగం ఎవరికని ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవాల్సిన విషయమని ఎవరికీ అనిపించలేదు. వాడికి పద్దెనిమిది నిండేదాకా ఆగి, వాడికే రాయించారు. తమ్ముడు మంచివాడు, ఇప్పటికీ మమ్మల్ని బాగా చూసుకుంటాడు. అయినా ఆ కడుపుమంట నాకు పోలేదు, దాచుకోవడమెందుకు. ఈ పిల్లకు కుర్చీ దొరికింది. లాగౌట్ గురించిన మొహమాటంతో అది పోవడం నేను చూస్తూ ఊరుకోలేను.

మర్నాడు మావయ్య ఇంటికి వెళ్ళాను. ఈసారి పాఠం చెప్పడానికి కాదు, చెప్పించుకోవడానికి. క్యాబిన్‌లో ఛార్జ్ ఎలా ఇస్తారో మొదటినుంచి చివరిదాకా చెప్పమన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. అత్తయ్యను పిలిచి టీ పెట్టమన్నాడు.

"డైరీ ఉంటాదమ్మా. దిగీవోడు ముందు రాస్తాడు, ఫలానా టైముకి ఛార్జ్ ఇచ్చినానని. కింద సంతకం. దాని కింద ఎక్కీవోడు రాస్తాడు, తీసుకున్నానని. రెండు సంతకాలు పడ్డాక దిగీవోడు ఫ్రీ. ఇంటికెల్లి నిద్రపోవచ్చు. సంతకం పడకపోతే నిద్ర పట్టదు."

"సంతకం పెట్టాక ఆ డైరీలో పాత డ్యూటీ మీదనే కొత్తాయన రాస్తాడా?"

"అదెలగ? కొత్తోడి డ్యూటీ కొత్త పేజీ. ఆడి తప్పులు ఆడివి, నా తప్పులు నావి. కలిపీసి రాస్తే ఇంక్వైరీలో ఇద్దరూ పోతారు."

నాకు కావాల్సింది దొరికింది. వీళ్ళు లాగౌట్ చెయ్యని మొండివాళ్ళు కాదు. నేనే, ముప్ఫై ఏళ్ళు సంతకం పెట్టి దిగినవాళ్ళను, సంతకం లేకుండా దిగిపొమ్మన్నాను.

లాగిన్ మేనేజరు కొత్త పేజీ రాస్తుంది, రెండు సంతకాలూ తీసుకుంటుంది, మనం చెప్పే తీరులో చెబితే. దాని ఫైలు తెరిచి కూర్చున్నాను. ఎవరైనా బయటికి వచ్చినప్పుడు వాళ్ళ పేరూ టైమూ రాసిపెట్టే చిన్న స్క్రిప్టు ఒకటి, కొత్తవాళ్ళు లోపలికి వెళ్ళేముందు వాళ్ళ పేరు దాని కింద రాసేది ఇంకొకటి. లాగౌట్ అన్న మాటే తీసేసి, తెర కిందిభాగంలో పెద్ద బొత్తాం పెట్టి, "ఛార్జ్ ఇచ్చి లేవండి" అని రాశాను. అది నొక్కితే మొదటి తెర వస్తుంది. పైన, ఫలానావారు ఇన్ని గంటలకు ఛార్జ్ ఇచ్చారని ఉంటుంది. కింద, ఛార్జ్ ఎవరు తీసుకుంటున్నారని అడుగుతుంది, పక్కనే పేర్ల జాబితా. మా పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి ప్రతి మాటా హిందీలో కూడా రాశాను.

చెప్పినంత సులువుగా జరగలేదు. ముందు తెలుగు అక్షరాల బదులు ఖాళీ గళ్ళు వచ్చాయి. పెద్ద మిషనులో తెలుగు ఫాంటే లేదు. అది పెట్టాక ఇంకో పేచీ మొదలైంది. పేరు నొక్కి, పాస్‌వర్డు కొడితే, తెర ఒక్కసారి మినుక్కుమని మళ్ళీ మొదటికే వచ్చేది. లోపలికి పంపినట్టే పంపి గుమ్మంలో నిలబెట్టేది. ఎనిమిది మిషన్లూ అంతే. రెండు రోజులు పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి లైను లైనూ చదివాను. మిషను తనలో తాను రాసుకునే చిట్టాలో చివరికి కనిపించింది. నా రెండో స్క్రిప్టు రాశాను గానీ, దాన్ని నడపడానికి మిషనుకు అనుమతి ఇవ్వడం మరిచాను. ఏడేళ్ళుగా పిల్లలకు నేను చెప్పే మొదటి జాగ్రత్త అది. ఎవరూ చూడ్డం లేదు కాబట్టి ఒక లెంపకాయ వేసుకుని, అనుమతి ఇచ్చాను. గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది.

ఆదివారం మావయ్యనే మొదట కూర్చోబెట్టాను. ప్రవచనం కూడా చూడలేదాయన. లోపలికి వెళ్ళాడు, బొత్తాం నొక్కాడు, బయటికి వచ్చాడు. తెరమీద తన పేరూ టైమూ చదువుకున్నాడు. చేతిగడియారంతో సరిచూసుకున్నాడు.

"అచ్ఛా," అన్నాడు. "రెండు నిమిషాలు ఫాస్టుంది నీ మిషను."

ఇక ఎవరికీ క్లాసు చెప్పనవసరం లేకపోయింది. మావయ్యే చెప్పాడు. రిలీవర్ రాకపోయినా ఛార్జ్ మిషను తీసుకుంటుందని, అది డైరీలో రాస్తుందని, రాతమూలకంగా ఉంది కాబట్టి భయం లేదని. వారం తిరిగేసరికి బొత్తాం నొక్కకుండా లేచినవాళ్ళను పక్కవాళ్ళు కేకేసి వెనక్కి పిలుస్తున్నారు.

చేతిలో నాలుగు వారాలే మిగిలాయి. ఆ అమ్మాయి మొదటిసారి తన పేరు నొక్కి లోపలికి వెళ్ళిన సాయంత్రం, మావయ్య ఆరింటిదాకా ఆ కుర్చీని పట్టుకుని కూర్చుని, ఆమె గుమ్మంలో కనబడగానే బొత్తాం నొక్కి లేచాడు. ఆ తర్వాత రోజూ అంతే. ప్రోగ్రాం ఆమె కుడిచేతి చిటికెనవేలిని పట్టేసుకుంది. రోజూ దానికే పని. పద్దెనిమిది ఇరవై రెండైంది, ఇరవై నాలుగైంది. ఇరవై ఏడు దగ్గర నాలుగు రోజులు ఆగిపోయింది. వెనక ఎవరైనా నిలబడితే ఆమె వేళ్ళు బిగుసుకుపోతున్నాయని గమనించాను. పరీక్షలో వెనక ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. అందుకని నేను వెనక నిలబడటం మొదలుపెట్టాను. నేనంటే భయం పోయాక మావయ్యను నిలబెట్టాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, యార్డ్‌లో బండిని చూసినట్టు గుడ్లు మిటకరించి చూసేవాడు. మధ్యమధ్య దగ్గేవాడు కూడా. ఆమె మొదట ఏడ్చింది, తర్వాత నవ్వింది, చివరికి ఆయన ఉన్నాడన్న సంగతే మరిచిపోయింది.

పరీక్ష రోజు పొద్దున నాకు ఒక్క పనీ సరిగ్గా సాగలేదు. స్కూల్లో ఆరో తరగతికి ఎనిమిదో తరగతి పాఠం సగం చెప్పాను.

రిజల్టు వచ్చిన రోజు సాయంత్రం నేను సదర్ బజార్‌లో గ్యాస్ స్టవ్ బర్నరు కోసం ఒక కొట్లో నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది.

"పాసయిపోనానక్కా."

"ఎన్ని?"

"ముప్ఫై ఒకటి."

ముప్ఫై ఒకటి! అలాంటప్పుడు మనవాళ్ళందరూ అనే మాటే అనేశాను. "మీ ఆయన ఉంటే ఎంత సంతోషించేవాడో తల్లీ."

 

"పొద్దున్నుంచి అందరూ అదే మాటంటన్నారక్కా," అంది. "ఉద్యోగం ఆయన పోయి ఇచ్చినాడు. నాను కాదన్ను. ఇది మట్టుకు ఆయన ఇచ్చింది కాదక్కా. ఇది నాను తెచ్చుకున్నాను."

నాకు సిగ్గేసింది. ఆ మాట ఆమె నాతో అనాల్సి వచ్చిందే అని. సిగ్గు వెనకే ఎంత సంతోషం వచ్చిందంటే, ఆ కొట్లో అంతమందిలో కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయాను.

"అవునే. నీదే," అన్నాను. "ఎవరో ఇచ్చింది కాదు. నీదే."

కొట్టువాడు బర్నరు చేత్తో పట్టుకుని, దీదీ, ఇదేనా కావాల్సిందని రెండోసారి అడుగుతున్నాడు.